గ్రంథములలోని రాజులు – శిలలలోని రాజులు



పూర్వరాజుల కథలు మన కృష్ణాతీరమున రెండు గ్రంథముల మూలమున ప్రచారములో నున్నవి. ఒకటి పురాణము, రెండవది బైబిలు. హరికథలలోను, పురాణకాలక్షేపములలోను, క్షేత్రమాహాత్మ్యములలోను సూర్యవంశపు రాజులును, మౌర్యులును, ఆంధ్రరాజులును వినవత్తురు. ఆ దేవాలయమునకు రెండు వీథుల అవతల నున్న చర్చిలో దావీదు, సొలొమోను, హిజ్కియా మొదలగు రాజుల కథలు వినవచ్చును. బందరులో రాబర్టు నోబులు దొర 1843వ సంవత్సరమున పాఠశాల పెట్టిన నాటినుండియు ఈ రెండవ తెగ కథలు మన ప్రాంతపు బడిపిల్లలకు క్రొత్తవి కావు. ఈ గ్రంథములలోని రాజులు నిజముగా నుండిరా? ఉండినచో వారినిగూర్చి చెప్పిన దానిలో చరిత్ర మెంత, కథ యెంత? ఇది నేటి ప్రసంగమునకు విషయము.

ఈ ప్రశ్నకు లోకమున రెండు తొందరపాటు సమాధానములు కలవు. మా గ్రంథమునందున్నది గావున అంతయు అక్షరసత్యమనునది మొదటిది. పాతపుస్తకములలోని మాటలన్నియు కట్టుకథలే యనునది రెండవది. వీనికంటె చిత్రమైన మూడవ పద్ధతి యొకటి కలదు. అది తన గ్రంథమునకు మొదటి సమాధానమును, పొరుగువాని గ్రంథమునకు రెండవ సమాధానమును చెప్పుట. అంగడివాడు కొనునప్పు డొక త్రాసును, అమ్మునప్పు డొక త్రాసును వాడినచో మన మేమందుము? గ్రంథములను తూచుటయందును అంతే. త్రాసు ఒక్కటిగా నుండవలెను. ఆ త్రాసులో పురాణమును బైబిలును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో రెంటికిని గుణదోషములు ఆశ్చర్యకరముగా సమానములని తేలును. నేను మనవి చేయదలచిన దంతయు నిదియే.

త్రాసు అనగా నేమి? గ్రంథమునకు బయట నుండి, గ్రంథకర్త చేయి తగులక నిలిచియున్న సాక్ష్యము. రాజు జీవించియుండగనే చెక్కించిన శాసనము, అతడు ముద్రించిన నాణెము, పరదేశీయుడు వ్రాసిపెట్టుకొన్న మాట, శత్రువు వేయించిన శిల యను నాలుగును అట్టి సాక్ష్యములు. వీనిలో శత్రువు వేయించిన శిల మిక్కిలి విలువగలది. ఏలయన, మన రాజు ఉండెనని చెప్పుటవలన శత్రువునకు లాభ మేమియు లేదు.

మొదట గ్రంథముల స్వభావమును తెలిసికొందము. మత్స్య, వాయు, బ్రహ్మాండ, విష్ణు, భాగవత పురాణములలో కలియుగరాజవంశముల పట్టిక కలదు. ఇంత కాలమున కిట్టి రాజు పుట్టగలడు, ఇన్ని యేండ్లు పాలింపగలడు అని అది భవిష్యత్కాలమున చెప్పబడినది. మగధనేలిన కాణ్వుల తరువాత ఆంధ్రులు వత్తురని ఆ పట్టిక చెప్పును. పార్జిటరు పండితుడు అనేక ప్రతులను సరిచూచి 1913లో ఈ భాగమును ప్రకటించెను. బైబిలులో రాజుల గ్రంథములు రెండును, దినవృత్తాంతములు రెండును కలవు. రాజుల గ్రంథమును కూర్చినవాడు తనకు పూర్వమున్న రాజసంస్థానపు దినచర్యలను పేర్కొని, తక్కిన సంగతులు అందు చూచికొనుడని చదువరులను పంపును. ఆ దినచర్యలు నేడు మనకు దొరకవు. కావున మన చేతనున్నవి మూలపు లెక్కపుస్తకములు కావు. ఒక ధర్మదృష్టితో ఏర్చి కూర్చిన సంగ్రహములు. ఈ మాట రెంటికిని వర్తించును.

ఇక పరీక్షకు వత్తము. ముందుగా పేర్లు.

ఆంధ్రవంశమునకు మూలపురుషునిగా పురాణములు చెప్పిన పేరు ప్రతికొక తీరున నున్నది. ఒకచోట శిశుకుడు, ఒకచోట సింధుకుడు, మఱియొకచోట శిప్రకుడు. ఇట్టి పేరు నమ్ముట యెట్లు? మహారాష్ట్రమున నానేఘాటు కనుమలోని గుహయందు ఒక వరుస ప్రతిమ లుండెడివి. నేడు వాని పాదములును, పైన చెక్కిన పేర్లును మిగిలినవి. అందు మొదటి పేరు సిముక సాతవాహనుడు. ప్రాచీనలిపిలో మకార సకారముల రూపములు దగ్గఱగా నుండుటచే ప్రతులు వ్రాయువారి చేతిలో సిముకుడు సిసుకుడై, పిదప సంస్కృతమున శిశుకుడై యుండునని పండితులు గ్రహించిరి. తెలంగాణములో గోదావరి యొడ్డున నున్న కోటిలింగాలలో ఈ రాజు పేరుగల నాణెములు కూడ లభించినవి. వ్రాయసకాడు తప్పు వ్రాసినను, అతని చేతిలోని తాళపత్రమున నిజమైన రాజు పేరే యుండెను.

ఇట్లే పులోమావి యను పేరు పురాణములలో కలదు. మన అమరావతీస్తూపపు శాసనములలో వాసిష్ఠీపుత్ర పులుమావి పేరు కానవచ్చును. అంతటితో ఆగక, క్రీస్తుశకము రెండవ శతాబ్దమున ఈజిప్టుదేశమునందలి అలెగ్జాండ్రియాలో భూగోళము వ్రాసిన టాలెమీ, పైఠానునందు పాలించు రాజును సిరిపొలెమాయియను పేరుతో నుదాహరించెను. అది సిరి పులుమావియే. పురాణకర్త టాలెమీ నెఱుగడు, టాలెమీ పురాణము నెఱుగడు. ఇరువురును ఒకే పేరు చెప్పిరి. యజ్ఞశ్రీ శాతకర్ణి పేరు మన సముద్రతీరమునందలి చినగంజాము శాసనమున కలదు. చండశ్రీ పేరు పిఠాపురమునకు సమీపముననున్న కొడవలి శాసనమున కలదు.

బైబిలు రాజుల సంగతియు నిట్లే. యూదారాజైన హిజ్కియా పేరు అష్షూరు చక్రవర్తి సన్హెరీబు వ్రాయించిన మట్టిపట్టికలలో నున్నది. ఇశ్రాయేలు రాజైన ఒమ్రీ పేరు మోయాబురాజు మేషా వేయించిన నల్లరాతి శాసనమున నున్నది. బబులోనునకు చెఱగొనిపోబడిన యెహోయాకీనునకు అచ్చట రాజభాండారమునుండి తిండిబత్తెము దొరకెనని రాజుల గ్రంథము కడపట చెప్పును. బబులోను శిథిలములలో దొరకి 1939లో ప్రకటింపబడిన మట్టిపలకలలో, యూదారాజైన యెహోయాకీనునకును అతని కుమారులు ఐదుగురికిని ఇచ్చిన నూనె లెక్క అక్షరాల వ్రాయబడియున్నది. భాండారపు గుమాస్తాకు మతముతో పనిలేదు. అతడు తన నూనె లెక్క తాను వ్రాసికొన్నాడు. దావీదు పేరు మాత్రము చిరకాలము ఏ శిలయందును కనబడలేదు. 1993లో దేశపు ఉత్తరభాగముననున్న దాను దిబ్బలో ఒక అరామీయ రాజు తన విజయములను చాటుకొన్న శిలాఖండము బయలుపడెను. అందు దావీదు ఇల్లు, అనగా దావీదు వంశము, అని పెక్కుమంది పండితులు చదివిరి. ఇదియు శత్రుసాక్ష్యమే.

కావున మొదటి తీర్పు: ప్రాచీనగ్రంథములలో ఎక్కువ నమ్మదగినవి రాజుల పేర్లు. అక్షరము చెడినను ఆనవాలు మిగులును.

అయితే పేరు నిజమైనంతమాత్రమున కథ యంతయు నిజము కాదు. బెల్షస్సరు కథ చూడుడు. దానియేలు గ్రంథము అతనిని బబులోను రాజనియు, నెబుకద్నెజరు అతని తండ్రియనియు చెప్పును. బబులోను శాసనములలో బెల్షస్సరు ఉన్నాడు. కాని అతడు నబోనిదు కుమారుడు. తండ్రి దూరదేశమున నుండగా రాజ్యభారము వహించిన యువరాజు. పేరు నిలిచినది, అధికారము కొంత నిలిచినది, తండ్రి పేరు మాఱినది.

మన యింటిలోనిది మఱొకటి. విజయవాడలో బెంజ్ సర్కిల్ కడ నిలిచి పడమటగా హైదరాబాదు త్రోవ పట్టినచో జగ్గయ్యపేట వచ్చును. అచ్చటి స్తూపమును 1882లో బర్జెసు త్రవ్వి పరిశోధించెను. సిద్ధార్థుడను శిల్పి దానము చేసిన స్తంభములపై ఇక్ష్వాకురాజైన మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరము చెక్కబడియున్నది. పురాణములు ఆంధ్రుల తరువాత శ్రీపర్వతీయాంధ్రులను పేర్కొనును. నాగార్జునకొండ శాసనములలో శ్రీపర్వతము పేరు స్పష్టముగా నున్నది. కావున పురాణపు మాటకు ఆధారము దొరకినది. కాని ఆ రాజులు ఇక్ష్వాకులమని చెప్పుకొన్నందున వారు శ్రీరామచంద్రుని సంతతియే యని శిల రుజువు చేసినదా? చేయలేదు. వారు అట్లు చెప్పుకొనిరి అనుటనే శిల రుజువు చేసినది. చెప్పుకొనుట వేఱు, అగుట వేఱు. దాను దిబ్బ శిలకును ఇదియే న్యాయము. దావీదు వంశమొకటి ఉండెనని అది చెప్పును గాని, దావీదు గొల్యాతును చంపెనని చెప్పదు.

రెండవది సంఘటనలు, ముఖ్యముగా జయాపజయములు. ఇచ్చట త్రాసు చాల ఊగును.

క్రీ. పూ. 701లో సన్హెరీబు యూదాదేశముపైకి దండెత్తెను. తాను 46 కోటలుగల పట్టణములను పట్టుకొంటిననియు, హిజ్కియాను యెరూషలేములోనే నిర్బంధించితిననియు, కప్పము గైకొంటిననియు అతడు వ్రాయించెను. దండయాత్ర వచ్చినదనియు, కోటలు పడెననియు, కప్పము చెల్లెననియు బైబిలును ఒప్పుకొనును. ఇంతవఱకు వాదిప్రతివాదు లిరువురును ఏకవాక్యముగా నున్నారు. తరువాత త్రోవలు వేఱగును. ఒక్క రాత్రిలో దేవదూత అష్షూరు దండులో 1,85,000 మందిని హతము చేసెనని బైబిలు చెప్పును. సన్హెరీబు ఆ మాటయే యెత్తడు. కాని యెరూషలేమును పట్టుకొంటినని కూడ అతడు చెప్పడు. నీనెవె రాజభవనపు గోడలపై లాకీషు పట్టణమును పట్టిన దృశ్యమును అంత విపులముగా చెక్కించుకొన్న చక్రవర్తి, రాజధానిని పట్టియున్నచో చెప్పక ఊరకుండునా? కావున నగరము దక్కెననుట చరిత్ర. ఏల దక్కెననునది భక్తుడు తన విశ్వాసముచేత చెప్పుకొన్న కారణము.

మోయాబు మేషా సంగతి మఱియు చిత్రము. 1868లో దిబానులో అతని శాసనము కనబడెను. అహాబు చనిపోయిన పిమ్మట మేషా తిరుగబడెననియు, ఇశ్రాయేలు, యూదా, ఎదోము రాజులు మువ్వురును కలిసి అతని దేశమును పాడుచేసి, కడకు వెనుకకు మరలిరనియు రాజుల గ్రంథము చెప్పును. మేషా శిలలో మువ్వురు రాజుల దండయాత్ర లేదు. తన దేవుడైన కెమోషు అనుగ్రహమున ఇశ్రాయేలును తరిమి పట్టణములను మరల గెలిచినట్లు మాత్రమే కలదు. ఎవరి ఓటమిని వారు మ్రింగిరి, ఎవరి గెలుపును వారు చాటిరి, ఎవరి దేవునికి వారు కృతజ్ఞతలు చెప్పుకొనిరి. ఐనను ఇద్దఱు రాజ్యాధీశులును, ఇశ్రాయేలు పెత్తనమును, తిరుగుబాటును ఉండెననుట రెండు కథలలోను సమానము.

మన సాతవాహనుల చరిత్రలో దీనికి సరియైన జోడు కలదు. నాసికు గుహలో గౌతమీ బలశ్రీ తన మనుమని 19వ రాజ్యసంవత్సరమున వేయించిన శాసనము, ఆమె కుమారుడైన గౌతమీపుత్ర శాతకర్ణి శకయవనపహ్లవులను నిర్మూలించి క్షహరాతవంశమును రూపుమాపెనని కొనియాడును. తల్లి మాట యని త్రోసివేయుదమా? 1906లో నాసికు ప్రాంతపు జోగల్‌తెంబిలో సుమారు 13 వేల వెండి నాణెములు దొరకెను. అవి క్షహరాతుడైన నహపానునివి. వానిలో అధికభాగముపై గౌతమీపుత్రుడు తన ముద్ర వేయించియున్నాడు. తల్లి మాటకు వెండి సాక్ష్యము పలికినది. ఇక శకుల మాట వినుడు. క్రీ. శ. 150 నాటి జునాగఢు శాసనములో రుద్రదాముడు, దక్షిణాపథపతియైన శాతకర్ణిని రెండుమాఱులు ఓడించియు దగ్గఱ బంధుత్వముచేత విడిచితినని చెప్పుకొన్నాడు. ఆ శాతకర్ణి ఏ శాతకర్ణియో అను విషయమున పండితులలో భేదాభిప్రాయములు కలవు. ఈ రెండు శాసనములలో ఒకదానినే చదివినవానికి సగము చరిత్రయే తెలియును. పురాణము నాశ్రయించినవాని కదియు తెలియదు. అందు గౌతమీపుత్రునకు ఒక పేరును, ఒక సంఖ్యయు మాత్రమే కలవు.

మూడవది సంఖ్యలు. గ్రంథములు ఎక్కువగా తడబడునది ఇచ్చటనే. ఆంధ్రరాజుల మొత్తము పాలనాకాలము మత్స్యపురాణము ననుసరించి 460 ఏండ్లు, విష్ణుపురాణము ననుసరించి 456 ఏండ్లు. రాజులు 30 మంది యని చెప్పిన విష్ణుపురాణములో 30 పేర్లు లెక్కకు రావు. గౌతమీపుత్రునకు మత్స్యపురాణము 21 ఏండ్లిచ్చెను. నాసికులో అతని 24వ సంవత్సరపు శాసనమే యున్నది. రాజు తన పాలన ముగిసిన మూడేండ్లకు శాసనము వేయింపడు గదా! ఇచ్చట పురాణపు సంఖ్య తప్పు. యజ్ఞశ్రీకి ఆ పురాణమే 29 ఏండ్లిచ్చెను. చినగంజాము శాసనము అతని 27వ సంవత్సరమునది. ఇచ్చట సంఖ్య పొసగును. శ్రీపర్వతీయు లేడుగురని పురాణము. శాసనములలో ఇంతవఱకు కానవచ్చిన ఇక్ష్వాకురాజులు నలుగురు. కావున పురాణపు అంకె ఒకచోట నిలుచును, ఒకచోట జాఱును.

బైబిలును చూడుడు. హిజ్కియా చెల్లించిన కప్పము హెబ్రీ మూలమున 30 తలాంతుల బంగారము, 300 తలాంతుల వెండి. సన్హెరీబు లెక్కలో బంగారము సరిగా 30 తలాంతులే. వెండి మాత్రము 800. ఎవరు హెచ్చించిరో ఎవరు తగ్గించిరో తేల్చుట కష్టము. కాని బంగారపు సంఖ్య సరిపోవుట కాకతాళీయమనుటయు కష్టమే.

నాలుగవది మౌనము. గ్రంథము చెప్పని రాజు లేడనరాదు. శిల చెప్పని రాజును తొందరపడి లేడనరాదు. కృష్ణ దాటి దిగువకు పోయినచో భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండరు రీ యచ్చటి స్తూపమున ధాతుకరండములను కనుగొనెను. వానిపైని అక్షరములలో కుబేరకుడను రాజు పేరున్నది. క్రీస్తునకు పూర్వము మన డెల్టాలో రాజ్యమేలిన ఈ పురుషుని పేరు పురాణముల కలియుగరాజుల పట్టికలో లేదు. 1939లో విదర్భమున తర్హాళలో దొరకిన నాణెముల నిధిలో కుంభ, కర్ణ, శక శాతకర్ణులను రాజులు బయలుపడిరి. వారును పట్టిక కెక్కలేదు. బైబిలు ఒమ్రీకి కొలది వాక్యములు మాత్రమే కేటాయించి, చెడ్డరాజని చెప్పి విడిచెను. అష్షూరీయులో, ఆ వంశము నశించిన తరువాత కూడ ఆ దేశమును ఒమ్రీ ఇల్లనియే వ్యవహరించిరి. రాజకీయమున ఘనుడైనవాడు ధర్మగ్రంథమున స్వల్పుడయ్యెను. గౌతమీపుత్రునకు పురాణమున పట్టిన గతియు అదియే.

రెండవవైపు మౌనమును కూడ చూడవలెను. సొలొమోను వైభవమును బైబిలు వేనోళ్ల పొగడినను, అతని కాలమునాటి శిల యేదియు ఇంతవఱకు అతని పేరు చెప్పలేదు. అతడు లేడని దీని అర్థము కాదు. ఆ వైభవపు పరిమాణము రుజువు కాలేదని మాత్రమే అర్థము. మన ఘంటసాల సమీపమున శ్రీకాకుళమున వెలసిన ఆంధ్రమహావిష్ణువు నొకప్పటి ఆంధ్రరాజుగా చెప్పు కథ కలదు. శ్రీశైల భీమేశ్వర కాళేశ్వరములను మహేంద్రగిరితో కలుపుచు అతడు మహాప్రాకారమును కట్టించెననియు, నిశుంభుడను రాక్షసునితో 13 యుగములు పోరి అతనిని చంపెననియు ఆ కథ. 1816లో క్యాంప్‌బెల్ దొర ప్రకటించిన తెలుగు వ్యాకరణములో కూడ ఇది చోటు చేసికొన్నది. ఆ రాజును నిరూపించు శాసనము గాని నాణెము గాని లేదు. 13 యుగముల యుద్ధమును చరిత్రగా పఠించువాడును లేడు. శ్రీకాకుళస్వామిని సేవింపబోవువాని భక్తికి దీనివలన లోప మేమి? అతడు నమస్కరించుచున్నది దేవునకు, శాసనప్రమాణమునకు కాదు గదా. సొలొమోను సామెతలు చదివి నీతి నేర్చుకొను క్రైస్తవసోదరునకును ఇదే మాట చెప్పుదును.

ఒకే త్రాసును విడిచినప్పుడు మహాపండితులు కూడ ఎంతదూరము పోవుదురో చెప్పుటకు రెండు నిదర్శనములు. ఐర్లాండు దేశపు ప్రధానాచార్యుడైన జేమ్సు అష్షరు, బైబిలులోని పురుషాంతరముల యేండ్లను కూడి, సృష్టి క్రీ. పూ. 4004లో జరిగెనని 1650లో ప్రకటించెను. అతడు అల్పజ్ఞుడు కాడు, బహుభాషాపండితుడు. మన విజయవాడలో కోట వేంకటాచలముగారు పురాణముల యేండ్లను అట్లే కూడి, మౌర్యచంద్రగుప్తుడు క్రీ. పూ. 16వ శతాబ్దివాడనియు, అలెగ్జాండరు కాలమున నున్నది గుప్తచంద్రగుప్తుడనియు వాదించిరి. మన కాలగణనలో కుట్ర జరిగినదను అర్థము వచ్చు పేరుతో 1953లో ఆంగ్లమున గ్రంథమును వెలువరించిరి. పరదేశీయులు మన చరిత్రను తగ్గించి చెప్పుచున్నారను వేదన ఆయన నడిపించినది. ఆ వేదనయందు కొంత న్యాయము లేకపోలేదు. ఆయన పరిశ్రమకు నమస్కరింపవలసినదే. కాని అశోకుని 13వ శిలాశాసనము అంతియోకుడు, తులమయుడు, అంతికిని, మగుడు, అలికసుందరుడు అను ఐదుగురు యవనరాజులను పేర్కొనును. వీరు క్రీ. పూ. మూడవ శతాబ్దివారని వారివారి దేశచరిత్రలు చెప్పును. ఒక్కని పేరు పొరపాటున కలియవచ్చును. ఐదుగురు ఒకే కాలమున కలియుట పొరపాటు కాదు. కావున అశోకుడు వారికి సమకాలికుడు, అతని తాతయైన చంద్రగుప్తుడు అలెగ్జాండరు కాలపువాడు. ఆ శాసనములోనే ఆంధ్రుల పేరును కలదు. దాని నాశ్రయించి మన ప్రాచీనతను చాటుకొను మనము, అందలి యవనుల పేర్లను కాదనుట న్యాయమా?

శిలయే వేదమని నేను చెప్పుట లేదు. శిల చెక్కించినవాడును మనుష్యుడే. అష్షూరు చక్రవర్తి మూడవ షల్మనేసెరు నల్లరాతి స్తంభముపై, కప్పము చెల్లించిన ఇశ్రాయేలు రాజైన యెహూ ఒమ్రీ కుమారుడని వ్రాయబడియున్నది. కాని యెహూ ఒమ్రీ వంశమును నిర్మూలించి సింహాసన మెక్కినవాడని బైబిలు విపులముగా చెప్పుచున్నది. ఇచ్చట ఇంటిసంగతి గ్రంథమునకు బాగుగా తెలియును, దూరపు వ్రాయసకానికి తెలియదు. ఆ రాజ్యమును పాతపేరుననే పిలుచుట అతని కలవాటు. అట్లే పురాణములు ఈ రాజులను ఆంధ్రులనగా, వారు తమ శాసనములలో సాతవాహనులమనియే చెప్పుకొనిరి. శిలలనే చదివినవాడు వారిని ఆంధ్రులని పిలువజాలడు. ఆ పేరు మనకు పురాణమిచ్చినదే. గ్రంథమును శిల సరిదిద్దును, శిలకు గ్రంథము అర్థము చెప్పును.

ఈ చర్చ పండితులకు మాత్రమే పనికివచ్చునని తలంపకుడు. మన గ్రామములలో ఒకే బడిబల్లపై, రాముని పేరు పెట్టుకొన్న పిల్లవాడును దావీదు పేరు పెట్టుకొన్న పిల్లవాడును కూర్చుందురు. మీ రాజులు కట్టుకథలని ఒకడు రెండవవానిని గేలిచేసినచో ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను? ఇరువురిని నోరుమూయుమనుట తేలిక. సిముకుని శిలను, మేషా శిలను ప్రక్కప్రక్కన చూపి, మీ యిద్దఱి గ్రంథములును రాజుల పేర్లను శ్రద్ధతో కాపాడినవి, గెలుపోటములలో స్వపక్షము వహించినవి, సంఖ్యలలో తడబడినవి అని చెప్పుట శ్రమతో కూడిన పని. కాని ఆ పాఠము విన్న పిల్లలకు గేలిచేయుటకు నోరు రాదు. పొరుగువాని గ్రంథమునందలి దోషమే తన గ్రంథమునందును ఉన్నదని తెలిసినవాడు వినయము నేర్చును. పొరుగువాని గ్రంథమునందును సత్యముండునని తెలిసినవాడు గౌరవము నేర్చును.

కడపట నొక్క మనవి. సాక్షులు బ్రతికియున్ననే గదా విచారణ! మేషా శాసనము దొరకిన మఱుసటి యేడే అచ్చటి తగవులలో ముక్కలు చేయబడెను. ముందుగా తీసిన అచ్చుకాగితమును, ఏఱి తెచ్చిన ముక్కలును లేకున్నచో ఆ సాక్ష్యము నేడు మనకు లేకుండెడిది. నవ్వుటకు మనకు వీలులేదు. 1797లో కల్నలు మెకంజీ అమరావతీస్తూపమును చూచిన నాటికే దానిరాళ్లు ఇండ్లకును కట్టడములకును పోవుచుండెను. పిదప పాలఱాతి శిల్పములెన్నియో సున్నపుబట్టీలలో కాలిపోయెను. వానిలో ఎందఱు రాజుల పేర్లు పొగయై పోయినవో చెప్పగలవా రెవ్వరు?

కావున మీ యూరి చెఱువుగట్టునందు గాని, గుడి వెనుక గాని, చర్చి పునాదికై త్రవ్వినచోట గాని అక్షరములున్న రాయి కనబడినచో దానిపై బట్టలుతుకనీయకుడు, సున్నము పూయనీయకుడు, మెట్టుగా వాడనీయకుడు. అది ఏ మతమువారిదని విచారింపకుడు. పురావస్తుశాఖవారికి తెలియజేయుడు. ఏ గ్రంథమునందలి ఏ రాజునకు అది సాక్ష్యమగునో చదివిన పిమ్మటగాని తెలియదు.

సెలవు.